ఫలితం అనే గడి

ఒంగోలు కర్నూలు రోడ్డులో
మా స్కాన్ సెంటరు షట్టరు ఆ మే నెలంతా దించలేదు.
మిషనూ పడుకోలేదు, నేనూ పడుకోలేదు.
అది మాత్రం వేడెక్కినప్పుడల్లా అలిగేది.

"ఊపిరి తీసుకోండి. బిగబట్టండి."
రోజుకి డెబ్భైసార్లు అన్నాను,
ఊపిరి కోసమే వచ్చినవాళ్ళతో.
పది సెకన్లు చాలు నాకు.
ఆ పదీ లేనివాళ్ళ బొమ్మ
వానకి తడిసిన దస్తావేజులా అలుక్కుపోయేది.

తెర మీద ఊపిరితిత్తి నల్లగా ఉండాలి.
నలుపంటే గాలి.
తెలుపు దిగితే భయం.
మొదట స్నానాలగది కిటికీ అద్దమంత మసక,
తర్వాత పెరుగు తోడుకున్నట్టు.
అయిదు తమ్మెలు, తమ్మెకి అయిదు మార్కులు,
మొత్తం ఇరవై అయిదు.
బడిలో ఎక్కువొస్తే గంతులేసేవాళ్ళం.

చీమకుర్తి నుంచి వచ్చాడు మాలకొండయ్య,
గెలాక్సీ గనిలో రాయి రంగు చూసి
సుద్దతో గుర్తుపెట్టే మనిషి.
లేచి, అద్దం ఇవతల నా తెర కేసి చూసి
"నల్లరాయిలో తెల్లచార పడిందే...
ఏ రకం కింద పోద్దమ్మా ఇది, సెకండ్సుకేనా?" అన్నాడు.
ఆ ఒక్క మాటకి నాలుగు ఊపిర్లు.
ఇరవై రెండు.
డాక్టరుగారు చెబుతారన్నాను.

అప్పటికే నాకో దొంగ అలవాటు.
పాత చీటీపాటల పుస్తకం వెనక పేజీల్లో
పేరు బదులు టోకెను, పక్కన మార్కు,
ఆ పక్కన పెన్సిలుతో నా జోస్యం:
నిలుస్తారు. నిలవరు.
మాలకొండయ్యకి రెండోది రాశాను.
పెన్సిలైతే చెరపొచ్చు కదా అని.

మరుసటేడు హైమవతి డాక్టరుగారు
ఆరువందల పదమూడు స్కాన్లు పట్టికలో పేర్చారు.
వయసు, షుగరు, ఏ తమ్మెలో ఎంత తెలుపు.
చివరి గడి ఖాళీ. దాని పేరు ఫలితం.
ఉంటే సున్నా, పోతే ఒకటి.
"ఫోన్లు చేసి నింపు" అన్నారు.
సున్నాకి అంత విలువ నేనెక్కడా చూడలేదు.

కొండపిలో "ఆయన పొలానికెళ్ళాడు" అన్నారు.
టంగుటూరులో ఎత్తింది చిన్నపిల్ల.
"అమ్మమ్మ ఫోను ఇప్పుడు నాదే" అంది.
ఇంకేం అడగలేదు.
దర్శి నంబరులో పాట మోగి మోగి ఆగింది,
ఆ పాట పెట్టుకున్నది ఎవరో.
అద్దంకి తిరుపాలమ్మకి మార్కు ఎనిమిదే,
రిపోర్టుతో విసురుకుంటూ నడిచెళ్ళింది.
వాళ్ళబ్బాయి అన్నాడు,
"ఎనిమిదేగా అని ఇంట్లోనే ఉంచాం."
ఆ "ఏగా" నా చెవి వదల్లేదు.

మార్కు అబద్ధమని అనను.
పద్దెనిమిది దాటిన వరుసలో ఒకట్లే ఒకట్లు,
బ్యారన్లో వేలాడే పొగాకు కర్రల్లా.
వందమందిని చూడమంటే బాగానే చూస్తుంది లెక్క.
ఒక్కణ్ణి చూడమంటే తల గోక్కుంటుంది.

మాలకొండయ్య నంబరు నాలుగు రోజులు దాటేశాను.
"ఎవురూ?"
రంపాల మోత వెనక, కాస్త గీరుకుపోయిన అదే గొంతు.
నాకు మాట రాలేదు.
"లోను వాళ్ళా? ఈ నెల కట్టేశాగా!"
"స్కాన్ సెంటరండీ. ఎలా ఉన్నారో అని..."
"మెట్లెక్కితే ఆయాసం.
రాయి చూడ్డానికి మెట్లెందుకులే."
కాసేపాగి,
"ఆ రోజు ఏ రకమో చెప్పనేలేదు నువ్వు."

డాక్టరుగారు ఆ బొమ్మ మళ్ళీ తెరిచారు.
ఆ తెలుపులో సగం పాతది,
జబ్బుకి ముందు ఇరవయ్యేళ్ళ రాతిపొడి.
మేం రెంటినీ కలిపి కూడాం.

సున్నా వేశాను.
రాతిపొడికి గడి ఏదండీ అని అడిగాను.
ఇప్పుడు కలపడం కుదరదన్నారు.
చీటీల పుస్తకంలో నేనే ఒకటి గీసుకున్నాను,
వంకరగా, స్కేలు లేకుండా.